తొమ్మిది పెన్నీల ఊదా మరక

మొదట నేనది అద్దె పుస్తకాల షాపు ముద్ర అనుకున్నాను. మా చిన్నప్పుడు విజయవాడలో అద్దెకి తెచ్చుకున్న ప్రతి నవలకీ మొదటి పేజీలో ఒకటి, నడుమ ఎక్కడో ఒకటి, ఆఖరి పేజీలో ఒకటి ఊదారంగు రబ్బరు స్టాంపు ఉండేది. కథానాయకుడు అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచే చోటే షాపువాడు ముద్ర గుద్దేవాడు. ఆ సిరా కింద ఏముందో కూడబలుక్కుని చదువుకునేవాళ్లం. అందుకని, ఓ ఆదివారం లెస్టర్ శివార్లలో కార్ బూట్ సేల్‌లో లోయిస్ లేన్ బుగ్గ మీద అలాంటి మరకే కనిపించేసరికి, ఇంగ్లీషువాళ్లు కూడా బొమ్మల పుస్తకాలు అద్దెకిచ్చుకునేవారు కాబోలు అనుకున్నాను.

కార్ బూట్ సేల్ అంటే మన ఊళ్ల వారపు సంత లాంటిదే. పొలంలో కార్లు వరసగా నిలబెట్టి, డిక్కీలు ఎత్తి, ఇంట్లో అక్కర్లేని సామానంతా పరిచి అమ్ముకుంటారు. నేను వెళ్లింది ఆవకాయ జాడీ కోసం. ఇక్కడి పాతకాలం రాతిజాడీలు మన పింగాణీ జాడీలకి ఏమాత్రం తీసిపోవు. జాడీ దొరకలేదు. ఓ పెద్దాయన డిక్కీలోని అట్టపెట్టెలో ఈ సూపర్‌మ్యాన్‌గారి స్నేహితురాలు దొరికింది. రెండు పౌన్లు. ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ ఆ పెద్దాయన చిల్లర తిరిగిచ్చి "థ్యాంక్యూ, మి డక్" అన్నాడు. ఈ ఊళ్లో పాతకాపులు ఆడా మగా అందరినీ 'నా బాతూ' అని పిలుస్తారు. వచ్చిన కొత్తలో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు అలా పిలవకపోతేనే ఏదో కోపంగా ఉన్నారనిపిస్తుంది.

ఇంటికొచ్చాక చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ, చెప్పకపోతే మిగతాదానికి మొదలుండదు. నాది మత్తుమందు డాక్టరు ఉద్యోగం. ఏళ్ల తరబడి ఆపరేషన్ థియేటర్లలో తిరిగిన మనిషిని. మరక కనిపిస్తే చేతికి స్పిరిటూ దూదీ వాటంతటవే వస్తాయి. దూదిని తడిపి ముద్ర అంచున అద్దాను. మొదటి అద్దుకి ఏమీ కాలేదు. రెండో అద్దుకి ఊదారంగు కొంచెం పాకింది. హమ్మయ్య, వస్తోంది అనుకుని కాస్త నొక్కాను. వచ్చింది ముద్ర కాదు, లోయిస్ బుగ్గ. దూది మీద లేతగులాబి తడి. పుస్తకం మీద కాయితపు తెలుపు, దాని చుట్టూ ఊదారంగు మబ్బు. దగ్గరగా చూస్తే ఆ కాలపు చవక అచ్చులో ఒంటిరంగంటే వేరే రంగేమీ లేదు, సన్నటి చుక్కల పరుపంతే. ఆ చుక్కల్లో ఓ వరస నేను తుడిచేశాను. మా ఆయన వెనకనుంచి తొంగిచూసి, "పేషెంటు బతుకుతుందా?" అన్నారు.

మళ్లీ ఆదివారం ఆ పెద్దాయనకే చూపించాను. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని చాలాసేపు చూశాడు. అది అద్దె ముద్ర కాదట, ధర. బుగ్గ మీద మిగిలిన సగం గుండ్రంలో 9 అంకె, పక్కన 'డి' అక్షరం ఉన్నాయని అప్పుడు చూపించాడు. 'డి' అంటే పెన్నీ. రోమన్ల దినారియస్ నాణెం పేరులోని మొదటి అక్షరాన్ని ఇంగ్లీషువాళ్లు 1971 దాకా తమ పెన్నీకి తగిలించుకు తిరిగారు. ఆ బుగ్గకి పైన, అట్ట మూలలో, అసలు ధర అచ్చయి ఉంది: ఇప్పటికీ 10 సెంట్లే. 1961లో అమెరికాలో డెల్ కంపెనీ తన పుస్తకాల ధర 15 సెంట్లకి పెంచింది. మేం పెంచలేదు చూశారా అని సూపర్‌మ్యాన్ పుస్తకాలు వేసే డీసీ కంపెనీ వాళ్లు తమ అట్టల మీద కొట్టుకున్న డప్పు ఇది. ఆ ఏడాది తిరిగేలోగా వాళ్లూ 12కి ఎక్కారు, అది వేరే సంగతి. ఇంగ్లండు పిల్లవాడికి ఆ డప్పుతో పని లేదు. వాడికి కావలసింది ఆ ఊదా అంకె ఒక్కటే.

ఆ రాత్రి కాయితం పెన్సిలూ తీసుకుని లెక్క వేశాను. మా నాన్న బడిపంతులు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినా ఆయన నోట్లో అణాలు పోలేదు. పావలా, బేడ, ముప్పావలా అంటూనే మాకు లెక్కలు చెప్పారు. అందుకని పన్నెండు పెన్నీలకో షిల్లింగు, ఇరవై షిల్లింగులకో పౌను అంటే నాకు తల తిరగదు. 1949 నుంచి 1967 దాకా పౌనుకి 2 డాలర్ల 80 సెంట్లు. పౌనుకి 240 పెన్నీలు. అంటే పది సెంట్లకి ఎనిమిదిన్నర పెన్నీల పైచిలుకు. తొమ్మిది చేశారు. ఓడ కిరాయి, ఏజెంటు కమీషను ఎక్కడ సర్దుకున్నారో వాళ్లకే తెలియాలి. ఇక మన వైపు లెక్క చూస్తే, ఆ రోజుల్లో మన రూపాయి విలువ షిల్లింగున్నర, అంటే 18 పెన్నీలు. తొమ్మిది పెన్నీలంటే సరిగ్గా అర్ధరూపాయి. నయాపైస అటూ ఇటూ లేదు. ఆ అంకె చూశాక నాకు ఆ పుస్తకం మీద ఎక్కడలేని చుట్టరికం పుట్టుకొచ్చింది. అర్ధరూపాయి అంటే నాకు తెలుసు. నాన్న చొక్కా జేబులోంచి అది బయటికి రావడానికి ఎంతసేపు పట్టేదో కూడా తెలుసు.

తర్వాత ఆ పెద్దాయన చెప్పిందీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపితే ఇంత. యుద్ధం మొదలయ్యాక బ్రిటన్‌లో డాలర్లకి కరువొచ్చింది. గోధుమకీ పెట్రోలుకీ అట్టేపెట్టుకున్న డాలర్లని బొమ్మల పుస్తకాలకి ఎవరు ఖర్చు పెడతారు? అమెరికా పత్రికల దిగుమతి ఆగిపోయింది. 1959 దాకా తలుపు తెరుచుకోలేదు. అయినా పిల్లలకి కాపీలు దొరక్కపోలేదు. అమెరికా సైనికుల శిబిరాల నుంచి, లివర్‌పూల్ లాంటి రేవుల్లో నావికుల సంచుల నుంచి జారేవి. ఓడలు బరువు కోసం కాయితాల కట్టలు నింపుకొచ్చేవని కూడా ఓ కథ చెబుతారు. నాకు నమ్మకం తక్కువ. ఓడ కడుపు నింపడానికి రాళ్లుండగా సూపర్‌మ్యాన్ ఎందుకు? ఇక్కడి ప్రచురణకర్తలేమో హక్కులు కొనుక్కుని ఇక్కడే నలుపు తెలుపుల్లో వేసుకునేవారు. అలా ఎల్. మిల్లర్ కంపెనీ వేస్తున్న కెప్టెన్ మార్వెల్‌కి అమెరికాలో 1953లో కోర్టు గొడవతో ఊపిరి ఆగిపోతే, ఇక్కడ మిక్ ఆంగ్లో అనే ఆయన 1954లో మార్వెల్‌మ్యాన్ అని పేరు మార్చి బండి నడిపించాడు. ఈ చమత్కారం మన సినిమావాళ్లకి తెలియంది కాదు.

అదే 1954 సెప్టెంబరులో గ్లాస్గోలో గోర్బల్స్ పేటలో పిల్లలు కర్రలూ కత్తులూ పట్టుకుని శ్మశానం మీద పడ్డారు. ఇనప పళ్లున్న పిశాచం ఇద్దరు పిల్లల్ని తినేసిందట, దాన్ని చంపడానికి. ఏ పిల్లవాడూ తప్పిపోలేదు, పిశాచం దొరకలేదు. పెద్దవాళ్లకి మాత్రం దోషి దొరికింది: అమెరికా భయానక కామిక్స్. మరుసటి ఏడాది, 1955లో, వాటి మీద పార్లమెంటు చట్టమే చేసింది. మా వీధిలో కామినీ పిశాచం వేపచెట్టు మీద ఉందని మేం రాళ్లు విసిరిన రోజున ఏ కామిక్స్ చదివామో మరి.

1959 ఆఖరి నెలల్లో తలుపు తెరుచుకోగానే అమెరికా పుస్తకాలు దింపడం మొదలుపెట్టింది మా ఊరి పక్కన ఓడ్‌బీలో ఉన్న థార్ప్ అండ్ పోర్టర్ కంపెనీ. కూరలకి వెళ్తూ వస్తూ ఎన్నిసార్లు ఓడ్‌బీ మీదుగా పోయానో. ఒక్కసారీ నాకు ఆ పేరు వినపడలేదు. అట్ట మీద సెంట్లలో ఉన్న పుస్తకాన్ని పెన్నీలకి అమ్మాలంటే ఎవరో ఒకరు ఒక్కొక్క కాపీ మీదా ముద్ర కొట్టాలి. ఎవరు కొట్టారో పేర్లు లేవు. నేను ఇప్పటికి నూట నలభై దాకా పోగేశాను. చూస్తూపోతే చేతులు తెలుస్తాయి. ఒకరు నిదానం: ఎప్పుడూ ఖాళీ ఆకాశం వెతికి, మబ్బులో పెట్టేవారు. ఇంకొకరికి తొందర: ముద్ర సగం అట్ట మీద, సగం గాలిలో. ఒకరు స్టాంపు ప్యాడ్ ఎండిపోయినా తడపరు, మూడు కాపీల తర్వాత 9 అంకె సున్నాలా కనిపిస్తుంది. భోజనాల వేళ ముందు కొట్టినవీ తర్వాత కొట్టినవీ కూడా చెప్పగలనేమోనని ఓ రోజు గర్వపడ్డాను. మా ఆయన వంటింట్లోంచి, "ఇవాళ మన భోజనాల వేళ ఎప్పుడో కూడా చెప్పు" అన్నారు.

మార్వెల్ కంపెనీ వాళ్లది వేరే దారి. 1960 నుంచి వాళ్లు తమ పుస్తకాల్లో ఇంగ్లండుకి వచ్చే కాపీల మీద పెన్నీల ధరే అచ్చు వేయించడం మొదలుపెట్టారు. 1961లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచికా, 1962లో స్పైడర్‌మ్యాన్ పుట్టిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికా 9 పెన్నీల ధరతో ఉన్నాయి. ఇవి ఇంగ్లండులో మళ్లీ వేసుకున్నవి కావు. అమెరికాలోనే, అదే అచ్చుయంత్రం మీద, అదే కాయితం, అదే సిరా. నల్లరంగు ప్లేటులో ధర ఉన్న ఆ మూల ఒక్కటి మార్చారు. చాలా కాపీల మీద నెల పేరు కూడా తీసేశారు. అట్ట మీద నెల ఎలాగూ అసలు అమ్మకానికి వచ్చే నెల కంటే రెండు నెలలు ముందుకే వేస్తారు. అయినా ఓడెక్కి, దిగి, ఓడ్‌బీ నుంచి ఊళ్లకి పోయేసరికి ఆ నెల దాటిపోయేది. పాచిసరుకని ఎవరూ అనకుండా నెలనే లేపేశారు. దోసకాయల బుట్టలో పైన తాజావి సర్దే తెలివే ఇది.

ఇంతమాత్రానికి ఈ కాపీలు చాలాకాలం అంటరానివయ్యాయి. అమెరికాలో పుస్తకాన్ని ప్లాస్టిక్ పలకలో సీలు చేసి, పదికి ఇన్ని మార్కులని వేసే సీజీసీ అనే కంపెనీ 2000లో మొదలైంది. వీటికి 'యు.కె. ఎడిషన్' అని చీటీ అతికించేవారు. ఎడిషన్ ఏమిటి? ఒకే కడుపున, ఒకే పూట పుట్టిన కవలల్లో ఒకడి చొక్కాకి వేరే గుండీ ఉందని వాణ్ని సవతి బిడ్డ అన్నట్టు. ఇప్పుడు ఆ మాట మారుతోంది, ధరలూ మారుతున్నాయి. ధర పెరగడం నాకు మంచిది కాదు, కొనేదాన్ని నేనే కదా. అయినా న్యాయం న్యాయమే.

ఊదా ముద్రలకి మాత్రం ఇంకా క్షమాపణ దొరకలేదు. మార్కులు వేసేవాళ్ల లెక్కలో అది మరకే. నాకేమో ఆ మరకే పుస్తకంలో చదవదగ్గ భాగం. చాలా ముద్రల్లో ధరతో పాటు ఓ చిన్న అంకె ఉంటుంది. కొంతదాకా పెరిగి మళ్లీ మొదటికొస్తుంది. అది ఏ వంతు సరుకో చెప్పే గుర్తని ఇక్కడి సేకర్తలు చదువుతారు. షాపులో ఏ కట్ట పాతదో, ఏది వెనక్కి పంపాలో చూడగానే తెలియడానికి. నేనో నోటుబుక్కు పెట్టుకున్నాను. ఓ వైపు అట్ట మీది నెల, ఇంకో వైపు ముద్రలో అంకె. మార్చి పుస్తకాలన్నీ ఒకే అంకె కింద చేరుతుంటే, వాటి మధ్య ఓ జనవరిది దిగాలుగా నిలబడి ఉంటుంది. ఓడ తప్పిపోయిందో, గోదాములో మూల పడిందో. దాని కోసం అరపూట ఆలోచిస్తాను. సూపర్‌మ్యాన్ ఏం చేశాడన్నది నేను ఇప్పటికీ సగం పుస్తకాల్లో చదవలేదు. ఒప్పుకుంటున్నాను.

ముద్రల్లో కాలం కూడా కదులుతుంది. 9 పెన్నీలు 10 అయ్యాయి. 1967 నవంబరులో పౌను విలువ తగ్గించి 2 డాలర్ల 40 సెంట్లు చేశారు. అప్పటికి అమెరికాలో పుస్తకం 12 సెంట్లు. కొత్త లెక్కలో అది సరిగ్గా 12 పెన్నీలు, అంటే ఒక షిల్లింగు. ఆ దశాబ్దం చివరికి అట్టల మీదకి షిల్లింగే వచ్చింది. 1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ కూడా పన్నెండూ ఇరవై లెక్కలు వదిలేసి మనలాగే నూటికి మారింది. మనకంటే పద్నాలుగేళ్లు వెనక. షిల్లింగు 5 కొత్త పెన్నీలయింది. రెండు వేళ్ల వెడల్పు ఊదా సిరాలో ఒక దేశం డబ్బు చరిత్రంతా ఉంటే, దాన్ని తుడుద్దామని నేను స్పిరిటు అద్దాను.

ఇక్కడి సేకర్తలు వాడే మాట ఇంకొకటి ఉంది, 'ఎన్.డి.' అని. ఈ దేశంలో పంచనిది అని అర్థం. అన్ని సంచికలూ ఓడెక్కలేదు. కథ 'వచ్చే నెల చూడండి' అని ఆగితే, ఆ వచ్చే నెల ఇంగ్లండుకి రాదు. పిల్లవాడు ఆ పైనెల పుస్తకం తెరిచేసరికి విలన్ జైల్లో ఉంటాడు. మధ్యలో ఏమయిందో వాడే కల్పించుకోవాలి. మా పెద్దాయన అలా కల్పించుకున్న కథ ఒకటి నాకు చెప్పాడు. అసలు సంచిక నలభై ఏళ్ల తర్వాత దొరికిందట. తనదే బాగుందన్నాడు. ఆఖరి పేజీలు ఊడిపోయిన అద్దె డిటెక్టివ్ నవలలు చదివి పెరిగినదాన్ని, నేను వెంటనే ఒప్పుకున్నాను. హంతకుడు ఎవరన్నది మా ఇంట్లో వోట్లు వేసి తేల్చేవాళ్లం.

అయితే మా ఇంట్లో దాచుకునే పద్ధతికీ ఈ పద్ధతికీ చుక్కెదురు. అమ్మ వారపత్రికల్లో సీరియళ్లు చదివేది. సంచిక అందరి చేతులూ తిరిగి వచ్చాక, సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా విప్పి, బియ్యం డబ్బా మీద పెట్టేది. ముగింపు వచ్చిన వారం మొత్తం కట్ట బైండింగుకి వెళ్లేది. మిగిలినదంతా, అట్ట, ధర, తేదీ, సంపాదకుడి పేరు, ఉత్తరాలు, అన్నీ పచారీ కొట్టుకి పొట్లాలు కట్టడానికి పోయేవి. యద్దనపూడి సీరియల్ ఒకటి అలా మా ఇంట్లో ఉంది. కథ మొత్తం ఉంది. అది ఏ సంవత్సరంలో చదివామో చెప్పే ముక్క ఒక్కటి లేదు. కథ దాచుకుని అట్ట పారేసే వంశం మాది. ఆ వంశంలో పుట్టి, అరవై దాటాక, కథ పక్కన పెట్టి అట్ట మూల చదువుతున్నాను. అమ్మ ఉంటే ఏమనేదో ఊహించడం కష్టం కాదు. "అందులో ఏముందే, ధరేగా" అనేది.

ఇక్కడి పాత కామిక్స్ కొన్నిటి మీద ఊదా ముద్రతో పాటు పెన్సిలు గీతలు కూడా కనిపిస్తాయి. పేపర్ల షాపువాడు ఎవరింటికి వెయ్యాలో గుర్తుకి మూలన ఇంటి నంబరో, ఇంటిపేరో రాసుకున్నవి. నా దగ్గర ఒకదాని మీద 14 అని ఉంది. ఏ వీధిలో 14 అన్నది లేదు. దాన్ని చూస్తుంటే, మా పేపరబ్బాయి కూడా వారపత్రిక మీద అలాగే పెన్సిలుతో రాసేవాడని జ్ఞాపకం వచ్చింది. రాశాడా, నేనే ఇప్పుడు అనుకుంటున్నానా? విజయవాడలో తమ్ముడికి ఫోన్ చేసి, అమ్మ బైండు పుస్తకం బీరువాలోంచి తీసి చూడమన్నాను.

"అట్టలే లేవుగా అక్కా అందులో. ఏం చూడమంటావు?"

"ఒకసారి అన్నీ తిప్పరా."

రెండు రోజులకి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. బైండు చేసినవాడు గట్టి అట్టకి లోపలివైపు కాయితం అతికించాలి కదా, చేతికందిన వారపత్రిక అట్ట ఒకటి అతికించేశాడు. అదీ తలకిందులుగా. ఎవరో హీరోయిన్ నెత్తి కింద పెట్టి నవ్వుతోంది. ఫోన్‌ని తిప్పి పట్టుకుని, మూల పెద్దది చేసి చూశాను. ధర ఉన్నచోట మైదా జిగురు మరక. దాని పైన పెన్సిలు రాత, పేపరబ్బాయిదే, వంకరగా. అంచులు సమంగా కోసేటప్పుడు బైండరు కత్తి మొదటి అక్షరాన్ని తీసుకుపోయింది. మాస్టారు అని రాసుంటాడు. 'స్టారు' మిగిలింది.